ఇసుక డబ్బా

మా పిన్ని ఎడమచేతి వేళ్లు రెండు వంకర. బాబాయి తలుపు సందులో పెట్టి నొక్కిన వేళ్లవి. "తలుపు పడింది" అని ఆయనంటే వీధి వీధంతా నమ్మింది. ఆ వేళ్లతోనే ఆమె ఇల్లు వదిలి, మెట్ల కింద కొట్టు పెట్టుకుని, జేబులో పట్టే పాటల ప్లేయర్లు బాగుచేస్తూ బతికింది. ఏ ప్లేయర్‌కి తగ్గట్టు దానికి ఫైళ్లు మార్చి ఎక్కించడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. మార్చడం పూర్తికాగానే కంప్యూటరే ఆ ఫైలును పెద్ద స్పీకర్లో వినిపించేలా పెట్టుకుంది. తన చెవులతో వింటే తప్ప సరుకు ఎవరి చేతికీ ఇవ్వదు.

ఇంకో అలవాటూ ఉంది. బ్యాటరీ ఉబ్బిన ప్లేయర్ వస్తే ఇసుక నింపిన రేకు డబ్బాలో పాతిపెడుతుంది. ఉబ్బినదానికి చిల్లు పడితే భగ్గుమంటుంది మరి.

ఒక మధ్యాహ్నం నేను పిన్నికి భోజనం తీసుకెళ్లేసరికి బల్ల పక్కన ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పెదవి చిట్లింది. మొగుడు కొడుతున్నప్పుడు తన ప్లేయర్‌లో రికార్డు చేసింది. అది ఆ ప్లేయర్‌లో తప్ప ఇంకెక్కడా పలకని రకం ఫైలు. పైగా బ్యాటరీ ఉబ్బి, రేపోమాపో అన్నట్టుంది. పోలీసులకు వినిపించాలంటే మార్చాలి. ఆ పిల్లకున్న సాక్ష్యం అదొక్కటే. పిన్ని ఫైలును కంప్యూటర్‌లోకి లాగి, ప్లేయర్‌ను ఇసుకలో పాతి, పని మొదలుపెట్టింది. ముసలి కంప్యూటర్ది నత్తనడక.

అంతలో ఇనపరాడ్‌తో ఆ మొగుడు దిగాడు. మొదటి దెబ్బకు అద్దాల బల్ల పగిలింది. రెండోది పిన్ని భుజం మీద పడింది. పెళ్లాం జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. నాకు ఒళ్లు మండి స్టూలు ఎత్తాను. వాడు ఒక్క తోపు తోస్తే గుమ్మం బయట పడ్డాను.

"ఎక్కడే ప్లేయరు?"

వాడి కళ్లు ఇసుక డబ్బా మీద పడ్డాయి. చెయ్యి పెట్టి కెలికి లాగాడు.

"ముట్టుకోకు! పేలుతుందది!" అని పిన్ని అరిచింది.

"ఎవర్ని బెదిరిస్తున్నావే? ఇసుకలో దాస్తే దొరకదనుకున్నావా?"

పిన్ని చెప్పింది అక్షరాలా నిజం. ఆడదాని మాట నమ్మే అలవాటు వాడికి లేదు. ప్లేయర్‌ను పిడికిట్లో పట్టుకుని, పిన్ని స్క్రూడ్రైవర్‌ అందుకుని కసిదీరా పొడిచాడు.

మంట మోచేతిదాకా లేచింది. చొక్కా అంటుకుంది. వాడి కేకకు జనం పోగయ్యారు. పిన్నే డబ్బా ఎత్తి ఇసుకంతా వాడి చేతిమీద గుమ్మరించింది. మంట ఆరింది కానీ తోలు ఊడింది.

"ఈ ఆడాళ్లు నన్ను చంపబోయారండీ!" అని వాడు ఏడ్చాడు.

"అయ్యో పాపం" అంటూ పక్కకొట్టు టైలరు బకెట్ తెచ్చి నీళ్లు పొయ్యసాగాడు. జనమంతా పిన్నివైపు చూశారు. తలుపు పడిందని నమ్మిన రోజు వీధి జనం చూసిన చూపే అది. నాకు వాళ్లందరినీ చెంపలు వాయించాలనిపించింది.

అప్పుడు కంప్యూటర్ పని పూర్తయింది. స్పీకర్ నోరు విప్పింది.

"అరిచావో, గొంతు కోసి ఈ గదిలోనే పాతేస్తా. ఎవడొస్తాడో చూస్తా!" తర్వాత దెబ్బ. మళ్లీ దెబ్బ. ఆ గొంతు ఎవరిదో ఒకరు చెప్పనక్కర్లేదు.

టైలరు చెయ్యి ఆగిపోయింది.

"ఆపకు తమ్ముడూ," అంది పిన్ని, భుజం పట్టుకుని. "కాలిన చేతికి నీళ్లు పడుతూనే ఉండాలి. పోస్తూ విను."

"అది కట్టెయ్యండి," అని వాడు గొణిగాడు.

ఆ అమ్మాయి నుదుటి నెత్తురు మోచేత్తో తుడుచుకుని లేచింది. వెళ్లి స్పీకర్ శబ్దం ఇంకా పెంచింది.