వల కోసెయ్యమన్న తాత

టెక్కలి బస్టాండులో ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కనని నన్ను అప్పా అంటాడు. "అప్పా, తాత ఎల్లిపోనాడే." నూరేళ్లకు దగ్గరపడిన మనిషి, ఎప్పుడైనా రావలసిన కబురే. అయినా సంతబొమ్మాళి బస్సులో ఏడుస్తూనే వచ్చాను.

మా తాత కుర్రతనంలో తెల్లవాళ్ల యుద్ధనౌకలో పనిచేశాడు. సముద్రంలో శత్రువులు దాచిన బాంబులను ఇనుప తాడుతో ఈడ్చి తీసే ఓడ అది. దాని కెప్టెన్ ఒక దొర. తాత చెప్పే యుద్ధమంతా ఆ దొర కథే. అంతకుముందు ఎక్కడో మంచు సముద్రంలో ఆయన ఓడ తాడుకు బాంబు చిక్కుకుందట. తాడు కోసేస్తే సరిపోయేది. ఖరీదైన తాడు, పైవాళ్లకేం చెప్పుకోవాలని విడిపించబోయాడట. ఓడ పోయింది, మనుషులు పోయారు, దొర మిగిలాడు. మన సముద్రానికి వచ్చాక, యుద్ధం ముగిసేదాకా, తాడు పక్కన గొడ్డలి పెట్టుకుని నిలబడేవాడట. ఆయన కూర్చోగా తాత చూడనే లేదట.

తాత మా పడవలోనూ గొడ్డలి పెట్టించాడు. మా జాలరిపేటలో అది అపశకునం. వల మాకు అన్నం పెట్టే తల్లి. రాయికి చిక్కితే ఒకడు మునిగి విడిపిస్తాడు గానీ కత్తి తగలనివ్వరు. "ముసిలోడికి మతి పోనాది" అనేవారు. తాత ఊరుకునేవాడా! "యుద్ధం అయిపోనాదని దొరలు సెప్పుకున్నారు. సముద్రానికి ఎవుడు సెప్పాడ్రా?" అని కసిరేవాడు. తమ్ముడు వేటకెళ్తే, వచ్చేదాకా గంజి ముట్టకుండా ఒడ్డునే నిలబడేవాడు. "వల మల్లీ అల్లుకోవచ్చు. నిన్నెవుడు అల్లుతాడ్రా?" అనేవాడు. విని విని విసుగొచ్చేది మాకు.

పెద్దకర్మ అయ్యాక తమ్ముడు మళ్లీ వేటకెళ్లాడు. మధ్యాహ్నం దాటినా రాలేదు. తాత నిలబడే చోట నేను నిలబడ్డాను. చివరికి పడవ వచ్చింది, సగం వలతో.

"బరువుగా ఏదో పట్టినాదప్పా. లాగితే కొంచెం కొంచెం పైకి లేత్తంది. రాయైతే లేవదు కదా. నాతో వచ్చిన మావ దూకుతానన్నాడు."

"దూకాడేటి?"

"దూకనీలేదు. కోసీసినాను."

తల్లిని కోశాడని పేటంతా తిట్టింది. తమ్ముడు గొడ్డలి తెచ్చి తాత మంచం మీద పెట్టి, పక్కనే కూర్చుని గంజి తాగాడు. ఆ చాదస్తపు మనిషికి నేను ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

తెగిన వలను తేల్చే బెండ్లు కొట్టుకుపోకుండా ఇప్పటికీ అక్కడే నీళ్ల మీద ఊగుతున్నాయట. తిట్టినవాళ్ల పడవలు కూడా వాటికి దూరంగా తిరిగి పోతున్నాయి.