పసుపు పెట్టిన చొక్కా

అనిరుధ్ గురించి ఈ ద్వీపదేశంలోని టోవా పాయో పేటలో మనవాళ్ళు చెప్పుకుంటున్న వాటిలో చాలావరకు నిజం కాదు. జురాంగ్ ఐలాండ్‌లో దొంగల ముఠాతో తిరిగేవాడని కొందరన్నారు. ఆ మార్చిలో అతనుండే అంతస్తులో కనిపించకుండా పోయిన మూడు పార్సిళ్ళూ అతనే తీశాడన్నారు. గది అద్దెకిచ్చిన జనార్ధనరావుగారే పోలీసులకు పట్టించారని ఇంకో మాట. జాలిపడేవాళ్ళ కథ వేరు. తన పార్సిలే అనుకుని పొరపాటున తీశాడట, దొంగసొత్తుకు ఎవరైనా పసుపు పెట్టుకుంటారా అని వాళ్ళ వాదన. ఈ చివరిది వినడానికి బాగుంటుంది. అందుకే దాన్ని మరింత జాగ్రత్తగా పరిశీలించాలి.

అనిరుధ్‌ది తుని. ఇరవై రెండేళ్ళవాడు. డిప్లొమా చదివి, జురాంగ్ ఐలాండ్‌లోని ఒక రసాయనాల ప్లాంటులో టెక్నీషియన్‌గా చేరాడు. జనార్ధనరావు, మంగతాయారు దంపతుల ఫ్లాట్‌లో ఒక గదిలో ఉండేవాడు. ఎనిమిది నెలల్లో అతని మీద ఒక్క ఫిర్యాదు లేదు. తిండికీ బట్టకూ లోటు లేదు కనుక అవసరం కొద్దీ చేశాడన్న మాట కూడా నిలబడదు.

ఇక్కడ పార్సిళ్ళు తెచ్చేవాళ్ళు వాటిని తలుపు ముందు పెట్టి, ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. సాయంత్రం దాకా అవి వరండాలోనే ఉంటాయి. ఎవరూ ముట్టుకోరు. మార్చిలో ఒక శనివారం మధ్యాహ్నం అనిరుధ్ పక్క ఫ్లాట్ ముందున్న సంచిని తీసుకుని తన గదిలోకి వెళ్ళాడు. అందులో ఉన్నది ఒక తెల్లచొక్కా. పక్క ఫ్లాట్‌లో ఉండే కో అనే రిటైరైన చైనీస్ బస్సు డ్రైవరు, కూతురి పెళ్ళికని తెప్పించుకున్నాడు.

ఆ తర్వాత అనిరుధ్ చేసిన పని మన ఇళ్ళలో పెరిగినవాళ్ళకే తోస్తుంది. పూజగూటి దగ్గరకు వెళ్ళి, తడిపసుపు వేలికి అద్దుకుని, కాలరు లోపల చిన్న బొట్టు పెట్టాడు. కొత్త బట్ట తొడుక్కునే ముందు వాళ్ళమ్మ అలాగే చేసేదట. రావుగారి మనవరాలు, పద్నాలుగేళ్ళ రుచిత, అది చూసింది.

సాయంత్రం కాఫీల దగ్గర మంగతాయారు అంది: “పక్కింటి కో గారి చొక్కా పోయిందటండీ. తెల్లదట. పెళ్ళి వచ్చేవారం ఆదివారమేనట, పాపం.”

“అనిరుధ్ అన్నకి కూడా న్యూ షర్ట్ వచ్చింది తాతా. వైట్. పసుపు కూడా పెట్టాడు. సో ఓల్డ్ ఫ్యాషన్ లా!” అని ఇక్కడివాళ్ళ ‘లా’ కలిపి రుచిత నవ్వింది.

రావుగారు నవ్వలేదు. లేచి అనిరుధ్ ఉన్న గదిలోకి వెళ్ళారు. చెత్తబుట్టలో నాలుగు ముక్కలు చేసిన లేబుల్ దొరికింది. ముక్కలు కలిపి చూస్తే కో పేరు పెద్ద అక్షరాల్లో కనిపించింది.

“ఇది నీ పేరేంట్రా?”

“నా ఆర్డరనుకున్నానండి అంకుల్.”

“నీది నీలం చొక్కా. గురువారమే వచ్చింది, నా చేత్తో నేనే ఇచ్చాను. ఈ లేబుల్ చదివి చించావా, చదవకుండా చించావా?”

“చదివే చించానండి.”

“మరి ఆ మిగతా రెండూ?”

“అమ్మతోడండి, అవి నేను తియ్యలేదు.”

“సరే. ఇప్పుడే వెళ్ళి తలుపు కొట్టు. చొక్కా ఆయన చేతికిచ్చి, తప్పయిపోయిందని చెప్పు. పోలీసుల దాకా వెళ్తే నీ వర్క్ పాస్ ఉండదు, తెలుసుగా?”

“మరకతో ఎలా ఇస్తానండి? ఉతికి ఇచ్చేస్తాను.”

“మరకతోనే ఇయ్యి. నువ్వు దాచాల్సింది ఇంకేం మిగిల్లేదు.”

అనిరుధ్ వినలేదు. బాత్రూంలో సబ్బు పెట్టి రుద్దాడు. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఇంట్లో బట్టలుతికిన ఎవరికైనా తెలుసు. అతనికి తెలియదు. ఎర్రదనం చూసి భయపడి ఇంకా రుద్దాడు. మరక కాలరంతా పాకింది. సరిగా జాడించకుండానే పిండాడు.

ఆదివారం పొద్దున్నే ఆ తడిచొక్కాను సంచిలో పెట్టి కో గుమ్మం ముందు ఉంచాడు. తలుపు కొట్టలేదు. డ్యూటీకి వెళ్ళిపోయాడు.

కో సంచి విప్పాడు. పోయిన చొక్కా తడిగా, మెడ చుట్టూ ఎర్రటి మరకతో తిరిగొచ్చింది. అది రక్తమనుకున్నాడు. కూతురి పెళ్ళికి వారం ముందు ఎవరో బెదిరిస్తున్నారనుకుని పోలీసులకు ఫోన్ చేశాడు. లిఫ్ట్ దగ్గర వరండా వైపు ఉన్న కెమెరాలో అనిరుధ్ చేతిలో ఆ సంచి కనిపించింది. పోలీసులు అడిగినప్పుడు రావుగారు అబద్ధం చెప్పలేదు. వాళ్ళను పిలిచింది మాత్రం ఆయన కాదు.

కోర్టులో అనిరుధ్ తప్పు ఒప్పుకున్నాడు. ఐదు రోజుల జైలు పడింది. పాస్ రద్దయింది, మళ్ళీ ఈ దేశంలో పనిచేసే అవకాశం పోయింది. అతని సూట్‌కేసు రావుగారే సర్దారు.

“ఇంగ్లీషువాళ్ళ రోజుల్లో మద్రాసు వైపు దొంగల్ని ద్వీపాంతర శిక్షని ఈ దీవికే తోలేవారు,” అన్నారాయన భార్యతో, జిప్పు లాగుతూ. “ఇప్పుడు ఇక్కణ్ణుంచి అటు తోలుతున్నారు.”

“ఆ నీలం చొక్కా కూడా పెట్టండి,” అంది మంగతాయారు. “ఒక్కసారైనా తొడుక్కోలేదు.”

మిగిలిన రెండు పార్సిళ్ళూ నెలాఖరుకు దొరికాయి. తెచ్చినవాళ్ళే పొరపాటున పక్క బ్లాకులో అదే నంబరున్న ఫ్లాట్ ముందు పెట్టి వెళ్ళారు. ఆ తర్వాతొకరోజు లిఫ్ట్‌లో కో, రావుగారితో అన్నాడు: “తలుపు కొట్టి చెప్పి ఉంటే నేను ఫోన్ చేసేవాణ్ణి కాదు.”

అనిరుధ్ ఒక చొక్కా దొంగిలించాడు. పేరు చదివి, తనది కాదని తెలిసే తీసుకున్నాడు. మిగతా రెండూ అతను ముట్టుకోలేదు. తీసినదాన్ని మర్నాడే తిరిగి ఇచ్చాడు, కాని ముఖం చూపించకుండా ఇచ్చాడు.