చిటికె

ఎనభైలలో మాట. కామాఠిపురాలో మేముండే అద్దె గదుల చాల్ దగ్గర వర్లి బస్సెక్కాను. నా పక్కన సిమెంటుకు వేళ్లు ఒరుసుకుపోయిన పెద్దాయన కూర్చున్నాడు. కండక్టరు టికెట్ పంచ్ టక్కుమనిపించగానే ఆయన దిగ్గున లేచి నిలబడ్డాడు. చుట్టూ చూసి, సిగ్గుపడి కూర్చున్నాడు.

"మా కూలోళ్ల మీది ముకాదం పిలిచిండనుకున్న తమ్మీ," అన్నాడు. "బిల్డింగు పనికాడ మమ్ముల ఎన్నడు పేరు పెట్టి పిల్వలే. చిటికేస్తుండె. రెండో చిటికెకు ఎదురుంగ లేకుంటె తెల్లారి పని లేదు."

నాగ్‌పాడాలో నేను పనిచేసే వర్క్‌షాపు సేఠ్‌దీ అదే పద్ధతి. ఆ సంగతి పెద్దాయనకు చెప్పలేదు.

"ఇంకా ఆయన కిందనే చేస్తున్నవా కాకా?"

"ఆయన సచ్చి యాడాదాయె. చిటికె ఆగలే."

సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. కండక్టరు ముందు సీట్లో చేతులు కట్టుకుని కునుకు తీస్తున్నాడు. అప్పుడు సరిగ్గా నా చెవి పక్కనే చిటికె వినిపించింది.

పెద్దాయన కదల్లేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తలెత్తి నావైపు జాలిగా చూశాడు.

"ఇది నాకు గాదు తమ్మీ," అన్నాడు.

అప్పటికే నేను లేచి నిలబడి ఉన్నాను.