వేసవి కుర్తాకు బస్సులో పరీక్ష

హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కి ఒకామె నా పక్కన నిలబడగానే, సీటివ్వాల్సి వస్తుందని నిద్ర నటించాను.

“మీరేం లేవక్కర్లేదండీ, కావాలనే నిలబడ్డాను,” అని నవ్విందామె. డిజైనరట. వేసుకున్న కుర్తాను తన వేసవి కలెక్షన్‌లో ఉంచాలో తీసేయాలో విజయవాడ చేరేలోగా తేల్చుకోవాలట. “ఏసీ గదిలో అన్నీ బాగానే ఉంటాయి. ఇలా రాడ్డు పట్టుకుని నిలబడితేనే తెలుస్తుంది.”

“చెయ్యెత్తితే నీ కుర్తా చంకలో గుంజుతోందమ్మాయ్!” అంది వెనక నిలబడ్డ పెద్దావిడ.

“అవును పిన్నిగారూ! అక్కడో గుడ్డముక్క వేసి కుడితే సరి. ఉంచేస్తా!” ఆమె ముఖం వెలిగిపోయింది.

పెద్దావిడ కూడా నిలబడే ఉందని నాకప్పుడు తట్టింది. లేచి, ఆవిడను కూర్చోబెట్టి, రాడ్డు పట్టుకున్నాను.

“మీ చొక్కా కూడా గుంజుతోందండీ!” అంది డిజైనరు. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. అంత హాయైన ప్రయాణం కూర్చుని ఎప్పుడూ చేయలేదు.