పాత రోడ్డు మీద ఐదు సెకండ్లు

ఒక అంకె ఇన్నేళ్లుగా నా నోట్లో ఉండిపోయింది. మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను. అన్నం తినేటప్పుడు, చేని గట్టు మీద ఊరికే కూర్చున్నప్పుడు, దూరం నుంచి ఎవరిదో చిన్న బండి చప్పుడు వినబడినప్పుడు అది నాలుక మీదికి వస్తుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా నాయనకు ఒక బండి ఉండేది. హండ్రెడ్ సీసీది. నాయన పోయాక, బోరు ఎండిపోయి, శెనక్కాయ వరసగా చేతికి రాని కాలంలో, అది కొట్టంలో తుప్పు పట్టింది. దాన్ని మాబుకు ఇచ్చేశాను. మాబుకు ముదిగుబ్బలో చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. ఇద్దరం ఒకే వీధిలో పెరిగాం. నాకంటే కొంచెం చిన్నవాడు. "పాత ఇనుము కింద అమ్ముకోప్పా, ఇంక అది లేయదు" అన్నాను.

మాబు దాన్ని లేపాడు. షెడ్డులో పని లేనప్పుడల్లా విప్పి, కడిగి, అరిగినవి మార్చి, ఒకరోజు మా ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాడు. "చూడన్నా, నాయన బండి!" అన్నాడు. నేను సంతోషించాలి. ఓర్వలేకపోయాను. నేను చావనిచ్చిన దాన్ని వీడు బతికించాడు. మా నాయనకు నేను చేయని పని వీడు చేసినట్టయింది. అంత చిన్నదానికేనా? మీరు అడగకముందే నన్ను నేను అడుక్కుంటూనే ఉన్నాను. దానికే.

టీకొట్టు దగ్గర మాటలు మొదలయ్యాయి. మాబు బండి మీటరు ముల్లు తొంభై ఐదు చూపిస్తోందని ఎవరో అన్నారు. నేను నవ్వాను.

"ముల్లుదేముందిలేప్పా, పాత మీటరు, యాడికంటే ఆడికి పోతాది. ఇది నిజంగా ఎనభై దాటితే అందరి ముందర వీన్ని ఉస్తాద్ అని పిలుస్తా."

మాబుకు కోపం రాలేదు. "ముల్లు అబద్ధం చెప్తాదన్నా, నాకూ తెలుసు. రాయి చెప్పదు. పాత రోడ్డుకు రా."

బైపాస్ పడ్డాక కదిరి వైపు పాత రోడ్డు మీద బస్సులు తిరగవు. ట్రాక్టర్లు, ఆటోలు పోతుంటాయి. కిలోమీటరు రాళ్లు మాత్రం పాతిన చోటనే ఉన్నాయి. లెక్క మాబే చెప్పాడు. రెండు రాళ్ల మధ్య దూరం నలభై ఐదు సెకండ్లలో దాటితే గంటకు ఎనభై. వాడు వెనక నుంచే వేగం అందుకుని వచ్చి, మొదటి రాయి దాటగానే ఫోన్లో అరుస్తాడు. రెండో రాయి దగ్గర నేను చేతి గడియారం నొక్కుతాను.

గాలి లేవకముందు, పొద్దున్నే వెళ్లాం. నేను నిలబడిన రాయికి అవతల ఎవరో ఉలవ కట్టె కోసి తెచ్చి రోడ్డంతా పరిచారు. చక్రాలు తొక్కితే గింజ రాలుతుందని మా వైపు అందరూ చేసే పనే. మాబు దాన్ని చూశాడు. "రాయి దాటంగానే వదిలేస్తాలే, నిలపడానికి జాగా ఉండాది" అన్నాడు. తలకు తుండుగుడ్డ చుట్టుకుని, ఫోను చెవి దగ్గర దోపుకుని వెళ్లిపోయాడు.

"దాటినా!" అని ఫోన్లో కేక. నొక్కాను. బండి చుక్కలా కనబడి, పెద్దదై, నన్ను దాటింది. నొక్కాను.

నలభై మూడు.

ఉలవ కట్టెకు ముందే నిలిపి, తిప్పుకుని వచ్చాడు. గాలికి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. "ఎంతన్నా?"

గడియారాన్ని అరచేత్తో మూశాను. "యాభై."

"యాభయ్యా?"

"డెబ్బై చిల్లర వస్తాది అంతే. దమ్ము లేదప్పా దీంట్లో."

గడియారం చూపించమని వాడు అడగలేదు. అడిగి ఉంటే అన్నీ నవ్వులోకి పోయేవి. నా మాటను రాయి మాట అనుకున్నాడు. ఆగి ఉన్న బండి పక్కన కూర్చుని, యాక్సిలేటరు తిప్పుతూ, ఇంజన్ దగ్గర చెవి పెట్టి విన్నాడు. మా ఊళ్లో ఏ బండి జబ్బయినా వాడు చెవితోనే పట్టేవాడు. "చప్పుడు అట్ల లేదే" అన్నాడు. "ఇంగొక తూరి పోతా."

అప్పుడైనా చెప్పవచ్చు. ఎందుకు చెప్పలేదు?

రెండోసారి వాడు ట్యాంకు మీద బోర్లా పడుకుని వచ్చాడు. రాయి దాటాక కూడా యాక్సిలేటరు వదల్లేదు. తల తిప్పి నా ముఖంలోకి చూశాడు. ఎంత అని. ఆ చూపుతోనే ఉలవ కట్టె మీదికి పోయి, బండి జారి పడ్డాడు.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికే అన్నిటికంటే కష్టంగా ఉంది. రెండోసారి నేను గడియారం నొక్కనే లేదు. ఎంత వచ్చినా యాభై అనే చెప్పాలని అప్పటికే అనుకున్నాను కదా. వాడు తల తిప్పి అడిగిన అంకె అసలు లేనే లేదు.

ప్రాణం దక్కింది. కుడికాలు మోకాలి దగ్గర వంగదు. ఆసుపత్రి బయట జనం చుట్టూ మూగి అడిగితే, "డెబ్బై కూడా సరిగ్గా పోని బండి, వాడు మొండికి పోయినాడు" అన్నాను. ఆ మాట టీకొట్టుకు నాకంటే ముందు చేరింది. సొంత బండినే సరిగా చేసుకోలేనివాడు మన బండ్లేం చేస్తాడన్నారు. షెడ్డు మూతపడింది. ఇప్పుడు ఇంటి ముందు కూర్చుని పంక్చర్లు వేస్తాడు. ఎవరైనా ఇంజన్ చప్పుడు వినమంటే, "నా చెవి మోసం చేసిందప్పా, వేరేవాళ్లకు చూపించుకో" అంటాడు.

ఆ ఇంజన్‌ను మాత్రం మంచం కింద పెట్టుకున్నాడు. విప్పేవాడు, బిగించేవాడు. నేను పోయినప్పుడల్లా వాడి భార్య షమీమ్ టీ పెట్టి ఇచ్చేది. "నువ్వన్నా చెప్పన్నా, నిద్రలో కూడా అదే గొణుగుతాడు" అనేది. వాడు మసి చేతులతో అడిగేవాడు.

"అన్నా, నలభై ఐదు రావాల్సింది యాభై వచ్చె, ఆ ఐదు సెకండ్లు యాడ పోయినాయంటావ్?"

నేను టీ తాగేవాణ్ణి. పిస్టన్ అనేవాణ్ణి. చైన్ అనేవాణ్ణి. వాడు మళ్లీ విప్పేవాడు.

పోయిన వారం పాత ఇనుము కొనేవాళ్ల బండి వీధిలోకి వస్తే, మాబు ఆ ఇంజన్‌ను బయటికి ఈడ్చుకుంటూ తెచ్చాడు. లోపం దొరకలేదన్నాడు. దొరకదని ఇప్పటికి తెలిసిందన్నాడు. నా వైపు చూసి, "నువ్వు ఆ పొద్దే చెప్తివి. ఇనుమే ఇది" అన్నాడు. త్రాసు మీదికి ఎత్తడానికి వాడి కాలు ఆనలేదు. నేనే ఒక చేయి వేశాను.

మాబు ఇలాంటివి చదవడు. అది తెలిసే రాస్తున్నానేమో. రేపు వాడి ఎదురుగా కూర్చుంటే నోరు పెగులుతుందన్న నమ్మకం లేదు. చెప్పినా ఇంజన్ రాదు, కాలు రాదు, ఆ చెవి మీద వాడికి నమ్మకమూ రాదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు.

కానీ ఆ అంకెను ఒక్కసారైనా బయటపెట్టాలి. మాబు బిగించిన బండి ఆ రెండు రాళ్ల మధ్య దూరాన్ని నలభై మూడు సెకండ్లలో దాటింది. నేను చూశాను.

నలభై మూడు, ఉస్తాద్.