అల్మారాలో పెట్టిన తిట్లు

మా ఆఫీసు గోడ గడియారం ఆగిపోతే ఎవరమూ కీ ఇచ్చేవాళ్ళం కాదు. హెడ్ గుమాస్తాను దాని కింద నిలబెట్టి, ఏదో ఒక సంగతి ఎత్తి కోపం తెప్పించేవాళ్ళం. ఆయన నోరు తెరిస్తే లోలకం దానంతట అదే ఊగేది. నమ్మనివాళ్ళు నమ్మకండి. కరీంనగర్‌లో గడియారాలు బాగుచేసే సాయిబు కూడా మొదట నమ్మలేదు, తర్వాత మా మీద అలిగాడు.

ఏ ఆఫీసో చెప్పను. హైదరాబాదు రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో, పెద్దపల్లి దిక్కున, చెరువుల మరమ్మతులు చూసే ఒక చిన్న సర్కారు ఆఫీసు అనుకోండి, చాలు. పెంకుటిల్లు. పెంకుల మీద పావురాలు. లోపల హెడ్ గుమాస్తా, నేను, ఒక ముసలి చప్రాసి.

హెడ్ గుమాస్తా బక్కపలచని మనిషి. ఎండాకాలంలో కూడా షేర్వానీ గుండీలు మెడ దాకా పెట్టుకునేవాడు. ఉర్దూలో మాట్లాడితే అత్తరు సీసా మూత తీసినట్టుండేది. కానీ కోపం వచ్చిందంటే తెలుగులోకి దిగేవాడు. దిగాడంటే పావురాలన్నీ లేచి కొండగట్టు దాకా పోయి, ఆయన చల్లబడ్డాక తిరిగి వచ్చేవి. ఆయన తిట్లకు కొన్ని పద్ధతులుండేవి. ఆడవాళ్ళ ఊసు రానిచ్చేవాడు కాదు. అర్జీ పట్టుకొని వచ్చిన రైతును ఒక్క మాట అనేవాడు కాదు. మంగళవారం అంజన్న వారమని నోరు కట్టుకొని, ఆ బాకీ బుధవారం తీర్చేవాడు. బుధవారం నేను కొంచెం ఆలస్యంగా వచ్చేవాణ్ణి.

నన్ను తిట్టినప్పుడు నాకు కోపం రాలేదా అంటే, తిట్టు పూర్తయ్యేదాకా వినాలనిపించేది. అది ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో చూడాలనే ఆరాటంలో, తగిలేది నాకేనన్న సంగతి మరిచిపోయేవాణ్ణి.

అలాంటి ఆఫీసుకు ఒక కొత్త గుమాస్తా వచ్చాడు. కరీంనగర్ పిల్లవాడే, హైదరాబాదులో చదివి వచ్చాడు. ఇస్త్రీ ప్యాంటు, పక్క పాపిడి. ఇంట్లో అవ్వ గాని బాపు గాని ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదట. వచ్చిన మొదటి వారమే నాతో అన్నాడు.

"ఆఫీసంటె గౌరవం ఉండాలె అన్నా. గీడ సంతల ఉన్నట్టున్నది."

"సంతల గింత మంచిగ తిట్టరు తమ్మీ," అన్నాను. అతను నవ్వలేదు.

వానాకాలంలో ఒక ఊరి రైతులు చెరువు కట్టకు బుంగ పడిందని అర్జీ తెచ్చారు. ఊరి పేరు రాయవలసిన చోట రాయలేదని అతను దాన్ని తిప్పి పంపాడు. వాళ్ళు వానలో తడుస్తూ వెనక్కి నడిచి, ఇంకో అర్జీ రాయించుకొని, మళ్ళీ తడుస్తూ వచ్చారు. సంగతి తెలుసుకున్న హెడ్ గుమాస్తా కొత్త గుమాస్తా బల్ల ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. పావురాలు లేచాయి. రైతులందరి ముందూ, ముఖం మీదే, మొదలు నుంచి చివరిదాకా తిట్టాడు. ఆ పిల్లవాడి చెవులు ఎర్రబడ్డాయి. అర్జీ తీసుకున్నాడు. కట్ట మరమ్మతూ అయింది. తిట్టిన మరుసటి రోజే హెడ్ గుమాస్తా మీద కరీంనగర్‌కు ఫిర్యాదూ పోయింది.

నవ్వుకోవలసిన రోజులు కావవి. నైజాం కాలం నుంచి ఉన్న నౌకర్ల మీద చిన్న మాట వచ్చినా ఇంటికి పంపిస్తారని అందరికీ భయం. హెడ్ గుమాస్తాకు పింఛను అందే రోజు దగ్గరపడుతోంది. నౌకరి పోతే అదీ పోతుంది. ఆయన పైకి ఏమీ అనలేదు గాని, షేర్వానీ పై గుండీ పెట్టుకోవడం మరిచిపోయి వస్తున్నాడు. అది చూసి చప్రాసి నా చెవిలో, "మనిషి సగం అయ్యిండు బిడ్డా," అన్నాడు.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. కొత్తగా కలిసిన కోస్తా జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చినవాడు, నెమ్మదైన మనిషి. వాంగ్మూలాలు రాసుకునే పని నాకు పడింది. కలం సిరాలో ముంచి కూర్చున్నాను.

"ఈయన ఏమని తిట్టాడయ్యా?" అని ముందు చప్రాసిని అడిగాడు.

చప్రాసి చేతులు కట్టుకున్నాడు. "సార్, గది నేను మల్ల అనొద్దు."

"ఫరవాలేదు, చెప్పు."

"మీకు తాకుతది సార్."

అధికారికి అర్థం కాలేదు. చప్రాసి నిదానంగా వివరించాడు. తిట్టు ఎటు మొఖం పెట్టి అంటే అటే పోయి తగులుతుంది. ఇంకొకరి తిట్టును తిరిగి చెప్పినా అంతే. తిట్టుకు మాట వినబడుతుంది గాని ముందు అన్నదెవరో, తర్వాత అన్నదెవరో దానికి తెలియదు. ఇప్పుడు తను అధికారికి ఎదురుగా నిలబడి ఆ మాట అంటే, అది ఎవరికి తగిలినట్టు?

"వెధవ అన్నాడా?" అని అధికారి సాయం చేయబోయాడు.

చప్రాసి జాలిగా చూశాడు. "గది తిట్టెట్లయితది సార్?"

"మరి తిట్టేమిటో రాయకుండా తిట్టాడని ఎలా తేల్చేది? పోనీ, నా వైపు చూడకు. ఆ గోడ వైపు తిరిగి చెప్పు."

చప్రాసి తిరిగాడు. ఆ గోడ మీద దేశ నాయకుల పటాలున్నాయి. దండం పెట్టి వెనక్కి తిరిగాడు.

"సరే, ఆ పక్క గోడ."

"గడియారం ఉన్నది సార్. కింద మంచినీళ్ళ కుండ. అందరం గవే తాగుతం."

"కిటికీ వైపు?"

కిటికీ ఊచలు పట్టుకొని రైతులు తొంగిచూస్తున్నారు. ఆ మాట వినగానే తలకాయలన్నీ ఒక్కసారిగా కిందికి పోయాయి.

"ఆ వెనకవైపు?"

"ఆడ రికార్డు మూటలున్నయి సార్," అన్నాను నేను. నాకు నిజంగానే భయం వేసింది. "తాలూకాల ఉన్న ఊర్ల పేర్లన్ని వాట్లనే ఉన్నయి. గా తిట్టుల గత్తర మాట ఉన్నది."

గత్తర అంటే కలరా. ఆ పేరు విని అధికారి కూడా మూటల వైపు ఒకసారి చూశాడు. అప్పటిదాకా ఆయన గొంతులో విసుగే ఉంది. ఇప్పుడు కుర్చీలో ముందుకు జరిగి, నాలుగు గోడలనూ కొత్తగా చూసినట్టు చూశాడు.

"అయితే ఈ ఆఫీసులో తిట్టు పెట్టడానికి చోటే లేదా?"

"సర్కారు ఆఫీసుల ఉట్టి చోటు యాడుంటది సార్," అన్నాడు చప్రాసి.

చివరికి అధికారి హెడ్ గుమాస్తానే అడిగాడు. "మీరన్న మాటే కదా, మీరే చెప్పండి."

ఆయన లేచి నిలబడ్డాడు. "అన్న మాట నిజం సార్. కాదన. గని ఇయ్యాల మంగళారం. నోరు గట్టుకున్న."

అప్పుడు చప్రాసికే తట్టింది. మూలన ఒక పాత టేకు అల్మారా ఉంది. ఆదిలాబాద్ అడవుల టేకు, నైజాం కాలంలో చేయించింది. వెనక చెక్కను చెదలు తిన్నాయని ఆ యేడే సర్కారు సామాను లెక్కలోంచి కొట్టేశారు. పారేయమన్న ఉత్తర్వు ఇంకా రాలేదు.

"గది సర్కారుది గాదు, ఇంకోలది గాదు. తలకాయ అండ్ల వెట్టి జెప్పి, తలుపేస్తె సరి."

ఇప్పుడు చెప్పవలసింది ఫిర్యాదు చేసినవాడే. కొత్త గుమాస్తా వెళ్ళి అల్మారా తలుపు తెరిచి, లోపల తల పెట్టాడు. ఇస్త్రీ ప్యాంటు మాత్రమే మాకు కనిపిస్తోంది. లోపలి నుంచి గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"నీకు గత్తర రాను... నీ నోట్ల మన్నువడ... కట్ట తెగి ఊరు మునుగుతాంటె... ఊరి పేరు యాడ రాసిండ్రని జూస్తవార... నిన్ను ఉట్నూరు అడవిల ఇడిస్తె... పులి గూడ వాసన జూసి ఇడ్సిపెట్ట..."

బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పాడు. హెడ్ గుమాస్తా బల్ల అంచు పట్టుకొని కళ్ళు మూసుకున్నాడు. నౌకరి పోతుందన్న రోజు కూడా ఆయన ముఖంలో అంత బాధ చూడలేదు. చివరికి ఆగలేకపోయాడు.

"సార్, తిట్టేది లేదు, ఒక్క మాట. మన్ను ముందు, గత్తర తర్వాత. మన్నువడ్డంక నోరు మూసుకపోతది గదా, అప్పుడు గత్తర. గా పిలగాడు కింద మీద జేసిండు."

"అంటే ఆ మాటలే అన్నట్టు ఒప్పుకుంటున్నారా?"

"అన్న సార్. గని గిట్ల అన్లే."

కలం నా చేతిలో ఆగిపోయింది. ఒప్పుకున్నాడు, ఇక అయిపోయింది అనుకున్నాను. అధికారి మాత్రం చాలాసేపు గడ్డం గోక్కుంటూ అల్మారానే చూశాడు. తర్వాత కొత్త గుమాస్తాను అడిగాడు.

"నీకేం కావాలయ్యా? ఈయన్ని ఇంటికి పంపమంటావా?"

ఆ పిల్లవాడు తల మీది చెదపుట్ట మట్టి దులుపుకుంటున్నాడు. "నేను గంత దూరం అనుకోలే సార్. నా మొఖం మీద అనొద్దు. గంతే."

అదే తీర్పయింది. ఇక మీదట హెడ్ గుమాస్తాకు ఏమైనా అనాలనిపిస్తే అల్మారాలో అనాలి, తలుపు వేయాలి. అల్మారా బయట ఒక్క తిట్టు వినబడిందని తెలిస్తే నౌకరి, పింఛను రెండూ ఉండవు. అధికారి రాసిపెట్టాడు కూడా.

ఆ రోజు నుంచి మా ఆఫీసు మారిపోయింది. తప్పు దొరకగానే హెడ్ గుమాస్తా మెల్లగా లేస్తాడు. అల్మారా దగ్గరికి నడుస్తాడు. తల లోపల పెడతాడు. భుజాలు ఎగురుతుంటాయి, చేతులు ఊగుతుంటాయి, టేకు చెక్క మందం గనుక ఒక గుసగుస తప్ప ఏమీ వినబడదు. తలుపు వేసి, రుమాలుతో మూతి తుడుచుకొని వచ్చి, కొత్త గుమాస్తా ముందు నిలబడి, "జర గా కాయితం సరి జెయ్యుండ్రి," అంటాడు. "మీరు" అని పిలుస్తాడు! కొన్నాళ్ళకు చెదలు ఆ అల్మారాను వదిలి రికార్డు మూటల్లోకి వలస పోయాయి. అక్కడ నిశ్శబ్దంగా ఉందని.

కొత్త గుమాస్తాకు మొదట హాయిగానే ఉంది. తర్వాత పరేషాన్ మొదలైంది. ఒకరోజు మధ్యాహ్నం సద్ది తింటూ అడిగాడు.

"అన్నా, లోపట నన్ను ఏమంటుండు?"

"నాకేమెర్క? నువ్వేగద మొఖం మీద అనొద్దన్నవు."

"పొద్దుగాల శానాసేపున్నడు. గంతసేపు నన్ను ఏమన్నడు? నేను జేసిందేంది, అంకె ఒక్కటి తప్పు రాసిన."

"ఒక్క అంకెకు గంతసేపంటె..." అని నేను ఆపేశాను. ఆపేయడం నా దుర్మార్గం. పాపం అతను అన్నం కలుపుతూనే ఉన్నాడు గాని ముద్ద ఎత్తలేదు.

ఒకసారి గాలి ఆడటం లేదన్న సాకుతో తన బల్లను అల్మారా పక్కకు జరుపుకున్నాడు. హెడ్ గుమాస్తా ఆ రోజు నుంచి లోపల గొంతు ఇంకా తగ్గించాడు. ఇంకోసారి ఆయన బయటికి పోయినప్పుడు, తలుపు తెరిచి చెవి పెట్టి నిలబడ్డాడు. "ఏమన్న ఉన్నదా?" అని అడిగితే, "టేకు వాసన," అన్నాడు. చివరికి నేరుగా వెళ్ళి ఆయన్నే అడిగాడు.

"సార్, నన్నేమన్నరు?"

"మిమ్మల్నేమన్లే. అల్మారాను అన్న."

"నేను ఫిర్యాదు జెయ్య సార్. ఒట్టు. ఒక్కపారి నా మొఖం మీద అనుండ్రి."

హెడ్ గుమాస్తా చిన్నగా నవ్వాడు. "మీరు మంచోల్లే. గని గోడకు గడియారం ఉన్నది, కిటికిల మంది ఉన్నరు. నా పింఛను మీ ఒట్టు మీద ఉంచలేను."

ఆయన పింఛను అందుకునే రోజు వచ్చింది. అది బుధవారం. దండ వేశాం, టీ, బిస్కెట్లు అయ్యాయి. తాళంచెవులు అప్పజెప్పి, చివరి సంతకం చేసి, మా అందరికీ ఉర్దూలో అత్తరు లాంటి నాలుగు మాటలు చెప్పి, గేటు దాటి వెళ్ళిపోయాడు. దాటిన తర్వాత ఆగాడు. వెనక్కి తిరిగాడు. ఇప్పుడాయన నౌకరి ఆయన వెనక లేదు, ముందూ లేదు. ఎవరో దారిన పోయే మనిషిలా గేటు బయట నిలబడి, కొత్త గుమాస్తాను వేలితో పిలిచాడు.

అతను చేతులు తుడుచుకుంటూ పరుగున పోయి ఎదురుగా నిలబడ్డాడు. మేమంతా గేటు లోపల. హెడ్ గుమాస్తా షేర్వానీ పై గుండీ విప్పి, గొంతు సవరించుకొని, ఇన్నాళ్ళు అల్మారాకు చెప్పింది అతని ముఖం మీద చెప్పాడు. మన్ను ముందు, గత్తర తర్వాత. పాడె, పేలాలు, పులి, అన్నీ వరుసగా వచ్చాయి. చెప్పి ఆగాడు.

ఆ పిల్లవాడు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఇంకేమీ రాకపోయేసరికి ముఖం వాడిపోయింది.

"గింతేనా సార్?"

హెడ్ గుమాస్తా నమ్మలేనట్టు మా వైపు చూశాడు. "గింతేనట!" అన్నాడు. మెడలోని దండ తీసి చప్రాసి చేతికిచ్చాడు. షేర్వానీ మిగతా గుండీలు కూడా విప్పాడు. "గింతేనా అంటవార నువ్వు?"

పావురాలు లేచాయి. ఈసారి అవి కొండగట్టు దగ్గర ఆగలేదని విన్నాను. గోదావరి దాటి, నస్పూర్ బొగ్గు బాయిల మీదుగా ఉత్తరానికి పోతుంటే చూసినవాళ్ళున్నారు.

మా గడియారం మాత్రం ఆ తర్వాత మళ్ళీ ఆగలేదు.