నాలుగు నిమ్మకాయలు

ఆయుధపూజ నాటి పొద్దున నేనొక పెద్దమనిషితో అబద్ధం చెప్పాను. కారు అమ్మేశానని చెప్పాను. ఆ కారు నాకు అమ్మింది ఆయనే. నేను అమ్మలేదు, దాచిపెట్టాను.

ఆయన కన్నడ బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. షుగరు కళ్లలోకి దిగి చూపు తగ్గాక, తొమ్మిదేళ్లు కడిగి తుడిచి నడిపిన ఆ తెల్ల కారును నాకిచ్చారు. నాకు బీదర్‌లో స్టీలు సామాన్ల కొట్టు. అప్పటిదాకా స్కూటరు మీద తిరిగినవాణ్ణి. కారు కొన్న రోజు నేను గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొట్టు ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ తిప్పాను. పక్క కొట్టాయన బయటికొచ్చి చూసి, "అరే, సార్ కారు! సార్ మంచిగున్నడా?" అన్నాడు.

అక్కడ మొదలైంది. పెట్రోలు బంకులో అదే మాట. జనవాడ రోడ్డు మీద ఒకాయన కారును చూసి చేతులెత్తి దండం పెట్టబోయి, అద్దంలోంచి నా ముఖం కనిపించగానే ఆ చేతులతోనే టోపీ సర్దుకున్నాడు. సార్ పొట్టివారు. ఆయన ఎత్తుకు ముందుకు జరిపిన డ్రైవరు సీటు కింది పట్టాల మీదే తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కార్లు బాగుచేసే మిస్త్రీ ఎంత నూనె పోసినా కదలలేదు. ఎనిమిది నెలలుగా నా మోకాళ్లు స్టీరింగుకు తగులుతూనే ఉన్నాయి. మొదటి మొగుడి ఫొటో గోడ మీద నుంచి తియ్యని ఇంట్లో కాపురం చేస్తున్నట్టుండేది నాకు.

పైగా ఆయన వచ్చేవారు. ప్రతి ఆదివారం ఆటో దిగి, "ఏం తమ్మీ, టైర్లల్ల గాలి చూసినవా? రేడియేటర్ల నీళ్లున్నయా?" అంటూ బానెట్ మీద చెయ్యి వేసేవారు. నా భార్య పరుగున చాయ్ పెట్టేది. నా కారు పొద్దున పూట నాకు ఒక పట్టాన స్టార్టయ్యేది కాదు. పదిసార్లు గురగురలాడి, వీధంతా లేచాక అప్పుడు అందుకునేది. బ్యాటరీ మార్చాను, ప్లగ్గులు మార్చాను. ఆయన చేతిలో మాత్రం తొమ్మిదేళ్లు ఒక్క తిప్పుకే లేచిందట. అమ్మిన రోజున ఆయన తాళం చేతిలో పెడుతూ, "తమ్మీ, దీనికొక అలవాటున్నది..." అని మొదలుపెడితే, "నాకు తెల్సు సార్, ఎన్ని బండ్లు చూడలేదు" అని మధ్యలోనే కోసేశాను. ఆ తర్వాత అడగడానికి నాకు నోరు రాలేదు.

పండుగకు రెండు రోజుల ముందు ఆయన ఫోన్ చేశారు. తొమ్మిదేళ్లూ ఆ కారుకు పూజ తన చేత్తోనే చేశారట, ఈసారి కూడా వచ్చి చేస్తారట. "సరే సార్" అన్నాను. నా కారుకు నా ఇంటి ముందు ఆయన పూజ చేస్తుంటే, వీధంతా చూస్తుంటే, నేను పళ్లెం పట్టుకుని నిలబడటం నా కళ్ల ముందు కదిలింది. పండుగ ముందురోజు ఏసీ చూపించాలనే వంకతో కారు మిస్త్రీ షెడ్డులో వదిలి వచ్చాను.

పొద్దున్నే ఆయన వచ్చారు. ఒక చేతిలో బంతిపూల దండ, ఇంకో చేతిలో గుడ్డసంచి. కారు నిలిచే చోట చెయ్యి చాపి తడిమారు. గాలి తప్ప ఏమీ తగల్లేదు.

"కారేది తమ్మీ?"

"అమ్మేసిన సార్. హళ్ళిఖేడ్ ఆయనకు. మొన్ననే పోయింది."

ఆయన దండను కూడా సంచిలో పెట్టారు. తర్వాత సంచి నా చేతికిచ్చారు. "మా పెరట్ల చెట్టువి. నాలుగు నిమ్మకాయలున్నయి. కొన్నాయనకు పంపియ్యి. టైర్లకింద పెట్టుకుంటడు." రెండడుగులు వేసి మళ్లీ ఆగారు. "ఆయనకొక మాట చెప్పు. తాళం సగం తిప్పంగనే లోపల సన్నగ గుయ్యిమంటది. పెట్రోలు పంపు సప్పుడు అది. ఆగేదాంక ఆగాలె. ఆగినంక తిప్పుమను. లేకుంటే పాపం, పొద్దుగాల మస్తు పరేషాన్ అయితడు."

ముక్కూ ముఖం తెలియని మనిషి పరేషాన్ అవుతాడని ఆయన బెంగ. ఆటో మలుపు తిరిగేదాకా నేను గేటు పట్టుకుని నిలబడ్డాను.

వెనక గుమ్మంలో నా భార్య. అంతా విన్నది. "అమ్మినవా? ఎప్పుడు? గంత పెద్ద మనిషివి అయినవా, ఇంట్ల జెప్పకుండ అమ్మెతందుకు?"

"నువ్వు ఊకో."

"నేను ఊకుంట. పండుగ పూట ముసలాయనను ఉత్త చేతులతోని తోలినవ్. కడుపు సల్లగయ్యిందా?"

చల్లగా కాలేదు. సంచి పట్టుకుని మిస్త్రీ షెడ్డుకు నడిచాను. మిస్త్రీ పానాలన్నీ పీట మీద పేర్చి కుంకుమ పెడుతున్నాడు. "ఆగు భాయ్, పూజ అయినంక నేనే స్టార్ట్ చేసిస్త. నీ చేతికి అది రాదు" అన్నాడు నవ్వుతూ.

నేను కూర్చుని తాళం సగం తిప్పాను. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా వినని చప్పుడు, సన్నగా, వెనక సీటు కింది నుంచి వచ్చింది. ఆగింది. అప్పుడు తిప్పాను. ఒక్క తిప్పుకే లేచింది.

మిస్త్రీ చేతిలో కుంకుమ భరిణె అలాగే ఉండిపోయింది. "అరే! ఎట్ల జేసినవ్?"

"సార్ చెప్పిండు" అన్నాను. గేరు వేసి సార్ ఇంటి దారి పట్టాను.

ఆయన ఇంటి ముందు బ్రేకు వేసేలోపే తలుపు తెరుచుకుంది. చూపుతో కాదు, చప్పుడుతో గుర్తుపట్టారు. "ఇది మన కారు సప్పుడు గదా?"

దిగి చెప్పాను. "అమ్మలేదు సార్. అబద్ధమాడిన. మిస్త్రీ కాడ దాచిపెట్టిన."

గుమ్మంలో నుంచి ఆయన భార్య, "అయ్యో, ఎందుకయ్యా?" అన్నది.

"కుళ్లు అమ్మా. ఊరంత సార్ కారనే అంటరు. నేను నడుపుతున్నా సార్ కారే. ఓర్వలేకపోయిన."

ఆయన గోడ పట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. "రావద్దని ఒక్క మాట చెప్తే రాకపోతుంటి తమ్మీ. తొవ్వ పొడుగునా ఏడ్సుకుంట ఇంటికొచ్చిన, ఈమెనడుగు." అరుగు మీద నాకు చోటిచ్చి మళ్లీ అన్నారు, "నా తర్వాత వచ్చిన హెడ్మాస్టరు బడికి కొత్త గేటు పెట్టిచ్చిండు. ఆ గేటు చూడొద్దని మూడేండ్లు ఆ సందులకు పోలేదు నేను. పూలదండేది? వాడిపోతది, తే."

దండ ఆయన చేత్తోనే వేశారు. బొట్టు తడుముకుంటూ పెట్టారు. నేను పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, ఆయన్ను ముందు సీట్లో, ఆయన భార్యను వెనక కూర్చోబెట్టి తాళం సగం తిప్పాను. ఇద్దరం చెవి పెట్టి విన్నాం. "ఆఁ, ఇప్పుడు" అన్నారు. కారు మెల్లగా కదిలింది.

"నాలుగూ పగిలినయా?"

అన్నీ పగిలాయని చెప్పేసినా ఆయనకు తెలిసే దారి లేదు. దిగి, వంగి ఒక్కో టైరూ చూశాను. వెనక ఎడమ టైరు పక్కన ఒకటి చెక్కుచెదరకుండా ఉంది.

"మూడే సార్. ఒకటి జారింది" అని చెప్పి, కారు వెనక్కి తీసి దాన్ని మళ్లీ టైరు కింద పెట్టాను.